ట్రాక్ డే బ్రేకులు: ప్యాడ్లు, ఫ్లూయిడ్ మార్చితే చాలా, పెద్ద కిట్ కావాలా?

ట్రాక్ డే అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు. ఏడాదికి రెండు మూడుసార్లు అలా ట్రాక్ ఎక్కే కారుకి నా ఓటు ప్యాడ్లు, ఫ్లూయిడ్‌కే. బ్రేక్ ఫ్లూయిడ్ మెల్లగా తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా కిందికి జారిపోతుంది. మలుపు ముందు అలా జరిగితే ఎంత పెద్ద కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) ఉండి ఏం లాభం? అందుకే ముందు తాజా ఫ్లూయిడ్ పోయించి, వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించండి. అయితే అసలైన ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి కూడా. రోడ్డు మీదికి వచ్చేముందు పాతవి మళ్ళీ బిగించుకోవాలి.

పెద్ద డిస్కులు, కాలిపర్ల కిట్‌లో లోహం ఎక్కువ కాబట్టి ఎక్కువ వేడిని తీసుకుంటుంది, ల్యాప్ తర్వాత ల్యాప్ నిలకడగా పనిచేస్తుంది. బరువు, వేగం రెండూ ఉన్న కారుకి అది అవసరమే. కానీ ఖర్చు చాలా ఎక్కువ, చక్రం లోపల చోటు చాలకపోవచ్చు, ముందు వెనుక బ్రేకుల పాళ్ళు మారిపోవచ్చు. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు ఆగే దూరం మాత్రం పెద్దగా తగ్గదు, అది టైర్ల పట్టును బట్టే ఉంటుంది.

మంచి ప్యాడ్లు, తాజా ఫ్లూయిడ్ ఉన్నా సెషన్ చివర్లో బ్రేకులు నీరసపడుతుంటే, అప్పుడు కిట్ కొనండి.