లాంగ్ హోస్, బ్యాక్‌ప్లేట్: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

స్కూబా డైవింగ్‌లో జాకెట్ బీసీడీ (గాలి నింపి నీళ్లలో తేలడం, మునగడం సర్దుకునే జాకెట్) వదిలేసి స్టీల్ బ్యాక్‌ప్లేట్ (వీపు మీద సిలిండర్‌ని పట్టి ఉంచే రేకు), వింగ్ (దానికి తగిలించే గాలి సంచి), రెండు మీటర్లకు పైబడిన హోస్‌కి (నోటికి గాలి తెచ్చే గొట్టం) మారి చాలా ఏళ్లయింది. ఎక్కువగా అండమాన్‌లోని హావ్‌లాక్‌లో, అప్పుడప్పుడు మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణిలో, సముద్రం ఒప్పుకున్నప్పుడు మా విశాఖ రుషికొండలో వాడాను. ఇకమీదట జాకెట్ జోలికి వెళ్లను. అలాగని ‘ఇదొక్కటే సరైన పద్ధతి’ అనే జట్టులోనూ చేరను.

ఈ సెట్ ఫ్లోరిడా నీటి గుహల్లో పుట్టింది. విలియం హోగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ పేరు మీద దీన్ని హోగార్తియన్ అంటారు. అక్కర్లేనిది ఒంటి మీద ఉండకూడదు, ఉన్నది వేలాడకూడదు అన్నది దాని సూత్రం. 1990ల్లో అక్కడి గుహలు శోధించే వుడ్‌విల్ కార్స్ట్ ప్లెయిన్ ప్రాజెక్ట్ బృందంలో జార్జ్ ఇర్విన్ లాంటివాళ్లు దీన్ని ‘డూయింగ్ ఇట్ రైట్’ పేరుతో గట్టిగా ప్రచారం చేశారు. అంటే మిగతావాళ్లు చేసేది తప్పు అనేగా! ఆ పేరుతోనే సగం గొడవలు మొదలయ్యాయి. 1998లో జారడ్ జాబ్లాన్‌స్కీ స్థాపించిన జీయూఈ (గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్) సంస్థ ఇదే పద్ధతిని ఇప్పటికీ నేర్పుతోంది. జట్టులో అందరి సామానూ ఒకేలా ఉండాలంటారు. చీకట్లోనైనా పక్కవాడి ఒంటి మీద ఏది ఎక్కడుందో చెయ్యికి తెలియాలన్నది వాళ్ల పట్టుదల.

అసలు తేడా ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది. బడ్డీకి, అంటే జతగా దిగినవాడికి, గాలి అయిపోతే ఏం ఇస్తావు? మామూలు కోర్సుల్లో పక్కన పెట్టుకున్న పసుపు రంగు ఆక్టోపస్, అంటే ఊపిరి పీల్చే అదనపు మౌత్‌పీస్, ఇవ్వమంటారు. అది వాడక నెలలవుతుంది. క్లిప్‌లోంచి జారి ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చే ఆక్టోపస్‌లు ప్రతి పడవ మీదా ఒకటైనా కనిపిస్తాయి. హోగార్తియన్ పద్ధతిలో నా నోట్లో ఉన్నదే తీసి ఇస్తాను. అది పనిచేస్తోందని అప్పటిదాకా నేను పీల్చిన ఊపిరే సాక్ష్యం. నాకు కావలసిన రెండోది సాగే బంగీ తాడుతో గడ్డం కిందే వేలాడుతుంది, చెయ్యి లేకుండా కూడా నోటితో అందుకోవచ్చు. ఇక మూడో దారి బడ్డీ మీద ఆధారపడనివాళ్లది. మూడు లీటర్ల పోనీ సిలిండర్, దానికో వేరే రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునేలా నోటికి అందించే పరికరం) తగిలించుకుని నా గాలి నేనే తెచ్చుకున్నా అంటారు.

మూడింట్లోనూ లాజిక్ ఉంది. నేను మొదటిసారి చూసేవాళ్లతో బడ్డీగా దిగే డైవ్‌లే ఎక్కువ. గాలి అయిపోయినవాడు మర్యాదగా సైగ చేసి ఆగడు. ఎదురుగా బుడగలు వస్తున్నదాన్నే, అంటే నా నోట్లో ఉన్నదాన్నే లాక్కుంటాడు. లాక్కున్నా నాకు టెన్షన్ లేని సెట్ ఇదే. అందుకే దీనితో ఉండిపోయాను.

హోస్ సిలిండర్ నుంచి కుడి పక్కన కిందికి దిగి, కుడి చంక కింద నుంచి ఛాతీ మీదుగా ఎడమ భుజం ఎక్కి, మెడ వెనక తిరిగి కుడివైపు నుంచి నోటికొస్తుంది. మిగిలిన మడతను నడుము పట్టీలో దోపాలి. హావ్‌లాక్‌లో పడవ మీద సిలిండర్లు మోసే కుర్రాడు శ్రీకాకుళం మూలాలవాడు, అక్కడ తెలుగువాళ్లు చాలామందే. ‘ఏటన్నా, ఇంత పొడుగు గొట్టం? కాళ్లకి చుట్టుకోదా?’ అన్నాడు. చుట్టుకోదు. కానీ డైవ్‌కి ముందు కొత్త బడ్డీకి ఒకసారి తీసి చూపించాల్సిందే. చూపించకపోతే వాడు ఆపదలో నా పక్కటెముకల దగ్గర ఆక్టోపస్ కోసం వెతుకుతాడు. ఇద్దరు పక్కపక్కనే పైకొచ్చే మామూలు సముద్రంలో ఇంత పొడుగు అక్కర్లేదన్నది నిజమే. ఇరుకు సొరంగంలో ఒకరి వెనక ఒకరు ఈదడానికి పెట్టిన కొలత అది. ఒకటిన్నర మీటరు హోస్ చాలామందికి సరిపోతుంది.

వింగ్ గురించి ఫిర్యాదు లేదు. గాలి వీపు వెనకే ఉంటుంది కాబట్టి నీళ్లలో ఒళ్లు అడ్డంగా నిలుస్తుంది, పగడాలకు కాలి ఫిన్ తగలదు. ప్లేట్ బరువు రెండున్నర కిలోల పైమాటే, మునగడానికి నడుముకి కట్టే సీసం ఆ మేరకు తగ్గింది. విమానంలో లగేజీ తూచేటప్పుడు మాత్రం ఆ ప్లేటే శత్రువు. అల్యూమినియం ప్లేట్ దొరుకుతుంది, కానీ అప్పుడు సీసం మళ్లీ పెంచాలి.

ఇబ్బంది పెట్టేది హార్నెస్. ఒకే పొడుగు పట్టీ, భుజం దగ్గర బకిల్ ఉండదు. చిన్న పడవల దగ్గర నీళ్లలోనే సెట్ విప్పి పైకి అందించాలి, అలల్లో ఎడమ చెయ్యి బయటికి లాగడం పెద్ద తంతు. బకిల్ పెట్టుకుంటే అది విరగొచ్చని సూత్రవాదులు ఒప్పుకోరు. నేను పట్టీలు కాస్త వదులు చేసుకున్నాను, పని జరుగుతోంది. ఇంకొకటి, నా రెగ్యులేటర్ డిన్ రకం (వాల్వ్‌లోకి మరలా తిప్పి బిగించేది), ఇక్కడ అద్దె సిలిండర్లు చాలావరకు యోక్ రకం (వాల్వ్ మీద బిగింపు పట్టేది). అడాప్టర్ పెడితే ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం) ముందుకు జరిగి తల ఎత్తినప్పుడల్లా టక్‌మని తగులుతుంది. బంగీ తాడు ఎండకీ ఉప్పుకీ బిగువు పోతుంది, బోల్ట్ స్నాప్ (సామాను తగిలించే లోహపు క్లిప్) స్ప్రింగ్ ఉప్పు పేరుకుని బిగుసుకుంటుంది.

సేఫ్టీ గొడవల్లో నాకు బాగా గుర్తున్నది మాత్రం సిలిండర్ వాల్వ్. పూర్తిగా తెరిచి పావు తిప్పు వెనక్కి తిప్పాలని పాతకాలం అలవాటు, పూర్తిగా తెరిచి అలాగే వదిలేయాలని మరో వర్గం. ఒకసారి నేను తెరిచిన వాల్వ్‌ని పడవ మీద ఎవరో సాయం చేద్దామని పూర్తిగా మూసి, పావు తిప్పు తెరిచారు. గేజ్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) నిక్షేపంగా కనిపిస్తోంది. దూకే ముందు గేజ్ చూస్తూ నాలుగు గట్టి ఊపిర్లు తీయడం నా అలవాటు. పీల్చినప్పుడల్లా ముల్లు 120 దాకా పడి, మళ్లీ మెల్లగా పైకి లేస్తోంది. పైన ఊపిరి బాగానే అందుతుంది, లోతుకు వెళ్లేకొద్దీ గాలి చిక్కబడి ఆ సన్న సందులోంచి చాలినంత రాదు. పావు తిప్పు అలవాటు ఎక్కడిదైనా సరే, నాకొద్దు. వాల్వ్ ఉంటే పూర్తిగా తెరిచి ఉండాలి, లేదంటే పూర్తిగా మూసి ఉండాలి.

సామాను మీద ఇంత వాదించుకునేవాళ్లం గాలి లెక్క దగ్గర మాత్రం ‘50 బార్‌తో పైకి రండి’ అంటే సరే అనేస్తాం. 30 మీటర్ల లోతులో ఒక సిలిండర్ మీద ఇద్దరు ఉన్నారనుకోండి. కంగారులో ఒక్కొక్కరు నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారు. అక్కడ ఒత్తిడి 4 బార్, అంటే పైకన్నా నాలుగు రెట్లు గాలి ఖర్చు. సర్దుకోవడానికి ఒక నిమిషం అంటే 160 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి సుమారు 333. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కి 180. మొత్తం 673 లీటర్లు. మనం వాడే 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో అది 60 బార్ పైమాటే. ఆ 60 ఉండాల్సింది కింద, పైకి బయల్దేరేటప్పుడు. 50తో పడవ ఎక్కుదామని 70 దాకా కిందే తిరిగితే చేతిలో మిగిలేది పది.

డైవింగ్ భద్రత మీద పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 దాకా జరిగిన 947 డైవింగ్ మరణాలు పరిశీలించారు. మొదటి కారణం తేలినవాటిలో 41 శాతం గాలి చాలకపోవడం, 20 శాతం ఎక్కడో ఇరుక్కోవడం, 15 శాతం సామాను ఇబ్బందులు. మనం రాత్రిళ్లు కూర్చుని కొట్టుకునేది మాత్రం ఆ 15 శాతం గురించే. అందుకే జీయూఈవాళ్ల దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చింది హోస్ కాదు, డైవ్‌కి ముందే ఈ లెక్క వేయించడం. జాకెట్, ఆక్టోపస్‌తో దిగినా ఈ లెక్క వేసేవాడితో నేను నిశ్చింతగా దిగుతాను. లాంగ్ హోస్ ఉండి గేజ్ చూడనివాడితో దిగను.

కొత్తగా కొనేవాళ్లు ముందు ముఖానికి సరిపోయే మాస్క్, ఒక డైవ్ కంప్యూటర్ తీసుకోండి. తర్వాత రెగ్యులేటర్, సర్వీస్ చేసేవాళ్లు మీ ఊరికి దగ్గర్లో ఉన్న బ్రాండ్ చూసుకుని. ప్లేట్, వింగ్ చివరికి, అదీ ఎవరిదైనా అరువు తెచ్చుకుని స్విమ్మింగ్ పూల్‌లో విప్పి తొడిగి చూశాకే. బంగీ తాడు రెండు మూరలు ఎక్కువే కొనుక్కోండి, బయల్దేరే రోజు పొద్దున్నే తెగుతుంది అది.