రెండు బోర్డులు కాలాక కొన్న డబ్బా

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఐసొలేషన్ ఉన్న, అంటే రెండువైపుల తీగలూ కలవకుండా సమాచారం మాత్రం దాటించే, ఈ యూఎస్‌బీ కన్వర్టరు డబ్బా కొనడానికి రెండు వేల లోపే అయింది. అది దండగ ఖర్చనుకుని అంతకుముందు రెండు రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) కాల్చుకున్నాను.

మా చిన్నాన్నది కళింగపట్నం. బోటులో జీపీఎస్సూ, చేపల్నీ నీటి లోతునీ చూపించే ఫిష్‌ఫైండరూ ఒకే పెట్టెలో ఉన్నాయి. వంశధార మొగలో ఇసుక మేట ఒక్కచోట ఉండదు. ఎక్కడ ఎంత లోతుందో రోజూ రాసిపెట్టుకోవాలని ఆయన కోరిక. పెట్టె లోతు చూపిస్తుంది గానీ దాచదు. దాన్ని బోర్డుకి కలిపి, ఓపెన్‌సీపీఎన్ అనే సముద్ర మ్యాపు ప్రోగ్రాములో చూపించి, లోతూ చోటూ ఫైలులో దాచే పని నాకప్పగించాడు.

మొదటి బోర్డు పోవడం పూర్తిగా నా తెలివితక్కువే. పెట్టె డేటా తీగని తిన్నగా బోర్డు మీది జీపీఐఓ పిన్నుకి తగిలించాను. ఆ పిన్నులు 3.3 వోల్టులకి మించి ఓర్చుకోవు. రెండోసారి చవక యూఎస్‌బీ కేబుల్ వాడాను, బోర్డుకి కరెంటు బోటు బ్యాటరీ నుంచే. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజు చిన్నాన్న సెల్ఫ్ కొట్టగానే స్క్రీను నల్లబడింది, మళ్ళీ లేవలేదు. "ఏట్రా, మళ్ళీ కాలిపోనాదా?" అన్నాడు. స్టార్టరు లాగే కరెంటు చాలా ఎక్కువ. నెగటివ్ తీగ బిగువుగా లేకపోతే అది ఇంకో దారి వెతుక్కుంటుంది. డేటా కేబుల్‌లోని సన్నటి గ్రౌండు తీగే ఆ దారైంది.

ఈ డబ్బా చేసేదల్లా ఆ దారి తెంపేయడమే. సమాచారం దాటుతుంది, రెండువైపుల మధ్యా రాగి తీగ కలవదు. డబ్బా మీద రాసిందే నమ్మేయకండి. మల్టీమీటరు బజరు మీద పెట్టి, ఒక ముల్లు యూఎస్‌బీ మూతి ఇనుప తొడుగుకీ రెండోది స్క్రూ టెర్మినల్ గ్రౌండుకీ ఆనించండి. కూయకూడదు. శ్రీకాకుళంలో ఒక షాపులో నాకు మొదట చూపించినది 'ఐసొలేటెడ్' అని రాసుండి కూడా కూసింది, అక్కడే తిరిగిచ్చేశాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోటు ఒడ్డునే ఉంది, తీరిగ్గా బిగించాను. డేటా స్పీడు 4800 పెట్టినా మొదట అంతా చెత్త అక్షరాలే. పెట్టె 'ఏ' తీగని డబ్బా 'ఏ'కి, 'బీ'ని 'బీ'కే కదా ఇచ్చాను, ఇంకేం తప్పుందని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. బోటు పరికరాలు మాట్లాడుకునే ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతి వాళ్ళ 'ఏ', ఈ కన్వర్టర్ల మీద రాసే 'ఏ' చాలాసార్లు తలకిందులుగా ఉంటాయట! తీగలు మార్చగానే వరసలు చక్కగా వచ్చాయి. ఈ ఒక్క ముక్క డబ్బాతో ఇచ్చిన కాగితంలో లేనందుకు ఒక నక్షత్రం కోత.

లోతు వరసలో అడుగులు, మీటర్లు, ఫాథమ్‌లు మూడూ వస్తాయి. "నాకు మీటర్లొద్దురా, బారలు సెప్పు" అన్నాడు చిన్నాన్న. ఫాథమ్ అంటే 1.83 మీటర్లు, మన బారకి దగ్గరే. మూడో అంకెనే పెద్దగా చూపించేలా పెట్టాను. అప్పట్నుంచీ నా చదువు మీద ఆయనకి కాస్త గురి కుదిరింది.

బోర్డు నుంచి పెట్టె వైపు వెళ్ళే తీగలు అసలు కలపలేదు. బోర్డు వినాలే తప్ప మాట్లాడకూడదు. బోర్డు చచ్చినా పెట్టె పెట్టెలాగే నడుస్తుంది, బోటు ఇంటికొస్తుంది. కరెంటుకి 3 ఆంపియర్లు ఇచ్చే పవర్‌బ్యాంకు పెట్టాను. బ్యాటరీ నుంచే తీసుకుంటానంటే బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

అక్టోబరు దాకా రోజూ సెల్ఫ్ కొడుతూనే ఉన్నాడు, బోర్డు బతికే ఉంది. కానీ డబ్బా స్క్రూలు ఉప్పుగాలికి రెండో నెలకే పచ్చగా చిలుం పట్టాయి. గీకి, గ్రీజు రాసి, మొత్తాన్ని రబ్బరు మూత టిఫిన్ డబ్బాలో పెట్టాను. ఆ టిఫిన్ డబ్బా పిన్నిది. ఇంకా అడుగుతూనే ఉంది.