ఫార్న్ దీవుల పడవ యాత్ర: పక్షుల మధ్య దొరికిన ఆ ఒక్క గంట

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన, నార్తంబర్లాండ్ కౌంటీలోని సీహౌసెస్ అనే చిన్న రేవు నుంచి ఫార్న్ దీవులకు వెళ్లే పడవ యాత్ర గురించి, ముఖ్యంగా పక్షుల ఫోటోలు తీసే అలవాటున్నవారి కోసం, ఈ సమీక్ష రాస్తున్నాను. ఉద్యోగరీత్యా న్యూకాజిల్‌లో ఉంటున్న నేను గత జూన్ రెండో వారంలో నా భార్యతో కలిసి ఈ యాత్రకు వెళ్లాను. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు గట్టున నిలబడి, చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను లెన్స్‌కు అందినంత మేర తీసుకుంటూ ఈ విద్య నేర్చుకున్నవాణ్ణి. అక్కడ పక్షికీ మనకూ మధ్య ఎప్పుడూ నీళ్లు అడ్డుంటాయి. ఇక్కడ ఆ అడ్డు లేదు, ఈ యాత్రకు ప్రాణం ఆ దగ్గరితనమే.

ముందుగా ఆ రాళ్ల గురించి చెప్పాలి. ఆటుపోట్లను బట్టి కొన్ని దీవులు తేలుతూ, మునుగుతూ ఉంటాయి. అవన్నీ విన్ సిల్ అని పిలిచే డోలరైట్ రాతి పొరకు తూర్పు కొసలు. దాదాపు 29 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి పైకి వచ్చిన కరుగు రాయి, పైపొరల మధ్య చొరబడి చల్లారి గట్టిపడటంతో ఏర్పడిన నల్లని రాయి ఇది. చల్లారేటప్పుడు నిలువునా బీటలు వారింది కాబట్టే దీవుల అంచులు స్తంభాలు పేర్చినట్లు కనిపిస్తాయి, ఆ బీటల్లో విరిగిన మెట్లే పక్షులకు గూటి అరుగులయ్యాయి. ఎదురుగా తీరాన బాంబరో కోట నిలబడిన గుట్ట కూడా ఇదే రాయి. పడవ రేవు దాటిన కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే నల్లరాతి మీద కోట, దాని కింద ఇసుక తిన్నెలు, ముందు సముద్రం ఒకే చట్రంలో ఇముడుతాయి. ఆ దృశ్యానికి వెడల్పాటి లెన్స్ దగ్గర ఉంచుకోవాలి.

టిక్కెట్లు రేవు గట్టున వరుసగా ఉన్న చిన్న గదుల్లో అమ్ముతారు. మేము ఇన్నర్ ఫార్న్ దీవిలో దిగే యాత్రను ఎంచుకున్నాము. పడవ టిక్కెట్టు ఒకటి, దీవిలో దిగినందుకు నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థకు కట్టే రుసుము మరొకటి. ట్రస్ట్ సభ్యులకు ఆ రెండో రుసుము ఉండదు. ఈ దీవులను 1925 నుంచి ట్రస్టే చూసుకుంటోంది.

పడవ మొదట స్టేపుల్ దీవి పక్కనున్న పిన్నకిల్స్ అనే రాతి స్తంభాల దగ్గరికి తీసుకువెళ్లింది. వాటి నెత్తి మీద గిల్లెమాట్ పక్షులు ఇసుక వేస్తే రాలనంతగా నిలబడి ఉన్నాయి. ఇవి గూడు కట్టవు. వట్టి రాతి మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి, దాన్ని కాళ్ల మీద పెట్టుకుని పొదుగుతాయి. వాటికి దిగువన, అరచేతి వెడల్పు కూడా లేని అంచుల మీద, నాచునూ బురదనూ అతికించి కట్టిన గూళ్లలో కిట్టివేక్‌ అనే సముద్రపు పక్షులు తమ పేరునే అరుస్తూ కూర్చున్నాయి. వాసన గురించి దాచడం మంచిది కాదు. గాలి మన వైపు తిరిగితే రెట్టల ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మా పడవ నడిపినాయన పనితనాన్ని మాత్రం మెచ్చుకోక తప్పదు. అలల ఊపులోనే పడవను రాతికి పది బారల దూరంలో నిలిపి, ఒక పక్కవాళ్లు తీసుకున్నాక నిదానంగా తిప్పి రెండో పక్కవాళ్లకు అదే దృశ్యం చూపించాడు. సీటు కోసం తొందరపడవలసిన అవసరం రాలేదు. ఆ తరువాత లాంగ్‌స్టోన్ అనే దీవి మీది ఎర్రని లైట్‌హౌస్ ముందు నుంచి వెళ్లాము. 1838 సెప్టెంబరులో ఫార్ఫర్‌షైర్ అనే ఓడ ఈ రాళ్లకు తగిలి విరిగిపోయినప్పుడు, ఈ లైట్‌హౌస్ కాపరి కూతురు, 22 ఏళ్ల గ్రేస్ డార్లింగ్, ఓడలోని వారిని కాపాడటానికి తండ్రితో కలిసి తెడ్ల పడవ వేసుకుని తుపానులో బయలుదేరింది ఇక్కడి నుంచే. ఆ రాళ్లను దగ్గరగా చూశాక ఆ అమ్మాయి ధైర్యం ఎంతటిదో నాకు నిజంగా అర్థమైంది.

ఇన్నర్ ఫార్న్‌లో కాలు పెట్టగానే ఆర్కిటిక్ టెర్న్‌ అనే పక్షులు ఎదురొచ్చాయి. చెక్క బాటకు జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య మచ్చల గుడ్లు రెండు పెట్టుకుని ఒక తల్లి కూర్చుంది. చూపు మరల్చితే గుడ్డేదో రాయేదో తెలియదు. దాని జోడు మా తలల మీదికి దూసుకువచ్చి, నా భార్య టోపీ మీద ముక్కుతో టకటకా పొడిచింది. టోపీ లేకపోతే నెత్తురు వచ్చేదే. అవి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయి కాబట్టి మందపాటి బట్ట టోపీ తప్పనిసరి, మోనోపాడ్‌ను (కెమెరా ఒంటికాలి స్టాండును) తల కంటే ఎత్తుగా పట్టుకున్నా ఉపయోగమే. ఈ పక్షి తూకం సుమారు 100 గ్రాములే ఉంటుంది. ఈ దీవుల నుంచే బయలుదేరిన ఒక టెర్న్ అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రం దాకా వెళ్లి, 2016 మే నెలలో తిరిగి వచ్చేసరికి 96,000 కిలోమీటర్లు ఎగిరినట్లు న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు దాని కాలికి కట్టిన పరికరం ద్వారా లెక్క తేల్చారు. అంత దూరం ఎగిరి వచ్చి పెట్టుకున్న గుడ్డు పక్కన మనం నడుస్తున్నప్పుడు నాలుగు పోట్లు పొడిచిందని దాన్ని తప్పు పట్టలేము.

అందరూ వచ్చేది పఫిన్‌ అనే పక్షుల కోసం. ఈ దీవుల్లో 40,000 జంటలకు పైగా గూళ్లు పెడతాయి, అవి కూడా నేల లోపల తవ్వుకున్న బొరియల్లో. ముక్కు నిండా వెండి తీగల్లా వేలాడే ఇసుక చేపలతో సముద్రం నుంచి వచ్చిన పఫిన్ ఒకటి నాకు నాలుగడుగుల దూరంలో వాలింది. అంగిలికీ నాలుకకూ వెనక్కి తిరిగిన గరుకు ముళ్లు ఉండటం వల్ల, పట్టిన చేప జారకుండానే అది మరో చేపను పట్టగలదు. నల్లతల గల్ పక్షులు రెండు ఆ చేపలను లాక్కోవడానికి కాచుకుని ఉన్నాయి. అది అటూ ఇటూ ఒక్కసారి చూసి, నారింజ రంగు కాళ్లతో పరుగెత్తి, రెప్పపాటులో బొరియలో దూరిపోయింది. నేను తీసిన పదకొండు ఫోటోల్లో పనికొచ్చింది ఒక్కటే, దానిలో చేప కన్నులు కూడా లెక్కపెట్టవచ్చు.

లెన్సుల విషయంలో చాలామంది 600 మి.మీ. మోసుకొస్తారు కానీ నా అనుభవంలో 100–400 జూమ్ చాలు, చాలాసార్లు 100 దగ్గరే ఆగవలసి వచ్చింది. ఎగిరే పఫిన్‌కు 1/2500 సెకను కంటే తక్కువ వేగం పెట్టకూడదు. నిమిషానికి నాలుగు వందల సార్లు రెక్క కొట్టే పక్షి అది. రొమ్ము తెల్లగా, వీపు నల్లగా ఉండటం వల్ల కెమెరా లెక్క తప్పుతుంది. తెలుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా తగ్గించుకుని, నల్లని భాగాలకు తరువాత ఎడిటింగ్‌లో వెలుగు పెంచుకోవడం మేలు. ఉప్పు తుంపరలు పడిన ఫిల్టర్‌ను పొడి బట్టతో రుద్దితే గీతలు పడతాయి కాబట్టి తడి గుడ్డ ఒకటి వెంట ఉంచుకోవాలి.

నేను పడిన ఇబ్బందులూ చెప్పాలి. టిక్కెట్టు అమ్మినవారు దీవిలో గంట సమయమన్నారు, కానీ ఆ గంటను పడవ గట్టుకు తగిలిన క్షణం నుంచి లెక్కపెట్టారు. వెనక సీట్లలో ఉన్న మేము దిగేసరికి పన్నెండు నిమిషాలు, తిరిగి వరుసలో నిలబడటానికి మరో పది నిమిషాలు పోయాయి. దిగే రుసుము విడిగా ఉంటుందన్న మాట కూడా డబ్బు కట్టాకే తెలిసింది. పడవ వెనక భాగంలో ఇంజను హోరుకు మైకులో చెప్పే వివరాలు ఒక్క ముక్క వినబడవు. దూరం నుంచి వచ్చేవారికి ఇవి చిన్న విషయాలు కావు. మిగిలిన ముప్పై ఎనిమిది నిమిషాల్లో సెయింట్ కుత్బర్ట్ పేరిట కట్టిన పాత ప్రార్థనా మందిరాన్ని తలుపు దగ్గర నుంచే చూసి వచ్చేశాను. ఏడో శతాబ్దంలో ఈ దీవిలో ఏకాంతవాసం చేసి, 687లో ఇక్కడే కన్నుమూసిన ఆ సాధువు పేరు మీదుగానే ఇక్కడివారు ఐడర్ బాతులను ‘కడ్డీ’ (కుత్బర్ట్‌కు ముద్దుపేరు) బాతులని పిలుస్తారు. ఆ బాతు ఒకటి మందిరం గోడ వారన, మనుషుల అలికిడిని పట్టించుకోకుండా పొదుగుతూ కూర్చుని ఉంది.

ట్రస్ట్ సిబ్బంది గురించి ఒక మాట. 2022లో పక్షుల ఫ్లూ వచ్చి ఇక్కడ వేల పక్షులు చనిపోయాయి, సందర్శకులను ఆపివేశారు, ఇన్నర్ ఫార్న్‌ను తిరిగి తెరిచింది 2024లో. చెక్క బాట దిగవద్దని వారు పదే పదే చెప్పడానికి కారణం ఉంది: పక్కన కనిపించే గడ్డి కింద అంతా బొరియలే, ఒక్క అడుగు వేస్తే పైకప్పు కూలి లోపలి పిల్ల నలిగిపోతుంది. మంచి కోణం కోసం బాట దిగబోయిన ఒకాయనను ఒక యువ ఉద్యోగిని ఎంతో మర్యాదగా, కానీ గట్టిగా వెనక్కి పిలిచింది. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

పఫిన్‌లు జూలై చివరికల్లా సముద్రంలోకి వెళ్లిపోతాయి కాబట్టి మే చివరి వారం నుంచి జూలై మొదటి వారం లోపు వెళ్లాలి. అలలు ఎక్కువగా ఉంటే దిగనివ్వరు కాబట్టి మరో రోజు చేతిలో ఉంచుకోవాలి. ఇన్ని ఇబ్బందులు చెప్పినా, పక్షులంటే ఇష్టమున్న ఎవరికైనా ఈ యాత్రను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వచ్చే జూన్‌లో మళ్లీ వెళ్తున్నాము, ఈసారి ముందు వరుసలో కూర్చుని, మొదటగా దిగి, ఆ టెర్న్ గూటి దగ్గరి నుంచే మొదలుపెడతాము.