ఆప్ట్‌లీతో లోకల్ మిర్రర్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మా ఆఫీసులో డెబియన్ లినక్స్ సర్వర్లేవీ ఇప్పుడు అప్‌డేట్ల కోసం ఇంటర్నెట్‌లోకి వెళ్లవు. ఆప్ట్‌లీ అనే టూల్‌తో పెట్టుకున్న లోకల్ మిర్రర్ (డెబియన్ ప్యాకేజీలకు మా సొంత నకలు) నుంచే తెచ్చుకుంటాయి. బ్యాండ్‌విడ్త్ మిగులుతుందని మొదలుపెట్టాం. ఇవాళ ఎవరైనా దాన్ని తీసేద్దామంటే మాత్రం నేను స్నాప్‌షాట్ల (మిర్రర్ ఒక సమయంలో ఎలా ఉందో అలాగే నిలిపి ఉంచినవి) కోసం అడ్డుపడతాను.

ఆప్ట్-మిర్రర్ లాంటి మామూలు మిర్రర్ టూల్స్ వాడితే రాత్రి సింక్ అయిందంతా తెల్లారేసరికి అన్ని సర్వర్లకీ కనబడుతుంది. సోమవారం అప్‌డేట్ చేసిన సర్వర్లో ఒక కర్నల్ (సిస్టమ్ మూల భాగం), గురువారం చేసినదాంట్లో ఇంకో కర్నల్ ఉండొచ్చు. ఆప్ట్‌లీలో మిర్రర్ అప్‌డేట్ అయ్యాక స్నాప్‌షాట్ తీసి, ముందు టెస్ట్ సర్వర్లకు పబ్లిష్ చేస్తాం, అంటే వాటికి అందేలా పెడతాం. డేటాబేస్, వెబ్ సర్వీసులు సరిగా లేచాయని చూసుకున్నాక ప్రొడక్షన్‌ని (అసలు పని నడిచే సర్వర్లని) అదే స్నాప్‌షాట్‌కి ‘పబ్లిష్ స్విచ్’ చేస్తాం. తేడా వస్తే పాత స్నాప్‌షాట్‌కి మళ్లీ స్విచ్ చేయొచ్చు, కాకపోతే సర్వర్లో అప్పటికే ఎక్కిన ప్యాకేజీని మనమే పాత వెర్షన్‌కి మార్చుకోవాలి. ఏ ప్యాకేజీలు మారాయో ‘స్నాప్‌షాట్ డిఫ్’ వరసగా చూపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చిన కమాండ్ అదే.

మెయిన్ (మామూలు ప్యాకేజీలు), సెక్యూరిటీ (భద్రతా సవరణలు) రిపోజిటరీలను విడివిడిగా పబ్లిష్ చేయమని గట్టిగా చెబుతాను. 2024 జూలై 1న, సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో పెద్ద లోపం బయటపడింది. లాగిన్ కాకుండానే రూట్‌గా (పూర్తి అధికారాలతో) కోడ్ నడిపించే వీలున్న లోపం అది. డెబియన్ 12 కూడా దాని బారిన పడింది, సవరించిన ప్యాకేజీ అదే రోజు వచ్చింది. అలాంటి రోజున నెలవారీ టెస్టింగ్ పూర్తయ్యేదాకా ఆగుతామంటే కుదరదు. సెక్యూరిటీ వేరుగా ఉంటే దాన్ని ఒక్కదాన్నే ముందుకు జరపొచ్చు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని ప్రమాదం ఒకటుంది. డెబియన్ సెక్యూరిటీ రిపోజిటరీ రిలీజ్ ఫైల్లో గడువు తేదీ ఉంటుంది. అది దాటితే ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే టూల్) ఆ రిపోజిటరీని ఒప్పుకోదు. ఆప్ట్‌లీతో మన జీపీజీ కీతో (డిజిటల్ సంతకానికి వాడే కీ) సంతకం చేసి పబ్లిష్ చేసినదాంట్లో మామూలుగా ఆ గడువు ఉండదు. అంటే సింక్ ఆగిపోయి నెల గడిచినా సర్వర్లు ‘అన్నీ తాజాగానే ఉన్నాయి’ అనే చెబుతాయి. కాబట్టి ఆఖరి సింక్ ఎప్పుడు జరిగిందో మానిటరింగ్‌లో పెట్టకుండా ఈ మిర్రర్‌ని ప్రొడక్షన్‌కి ఇవ్వొద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇంకోటి: అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లను తనంతట తానే ఎక్కించే సర్వీసు) వాడేవాళ్లు పబ్లిష్ చేసేటప్పుడు ఆరిజిన్, లేబుల్ (రిపోజిటరీ ఎవరిదో చెప్పేవి) విలువలను డెబియన్‌వే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆప్ట్‌లీ తన సొంత విలువలు రాస్తుంది. అప్పుడు ఆ సర్వీసు ప్యాకేజీలను గుర్తుపట్టక, ఎర్రర్ కూడా చూపకుండా వదిలేస్తుంది.

డిస్క్ సంగతి హాయిగానే ఉంది. ఒకే ప్యాకేజీ ఎన్ని స్నాప్‌షాట్లలో ఉన్నా పూల్‌లో (ఆప్ట్‌లీ ప్యాకేజీ ఫైళ్లు దాచే చోట) ఒక్కసారే నిలవ ఉంటుంది. పబ్లిష్ మామూలుగా హార్డ్ లింకులతో (ఫైల్‌ని కాపీ చేయకుండా దానికే ఇంకో పేరు పెట్టడం) జరుగుతుంది కాబట్టి పూల్, పబ్లిక్ డైరెక్టరీ ఒకే ఫైల్‌సిస్టమ్ మీద ఉండాలి. ఆర్కిటెక్చర్ ఏఎండీ64 (64-బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లది) ఒక్కటే ఎంచుకోండి, సోర్స్ ప్యాకేజీలు వద్దు. పాత స్నాప్‌షాట్లు తీసేశాక ‘డీబీ క్లీనప్’ నడిపితేనే చోటు ఖాళీ అవుతుంది. విసుగు తెప్పించేది డేటాబేస్ లాక్: ఒక కమాండ్ నడుస్తుంటే రెండోది ఆగాల్సిందే. అందుకని క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు నడిపే సర్వీసు) పనులన్నీ ఒకే స్క్రిప్ట్‌లో వరసగా పెట్టాం.

సర్వర్లు కొన్నే ఉండి, డౌన్‌లోడ్ తగ్గితే చాలనుకునేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రాక్సీ వేసి, క్లయింట్లలో 3142 పోర్టుకి ఒక్క ప్రాక్సీ లైను రాస్తే సరిపోతుంది. అడిగిన ప్యాకేజీలనే దాచుకుంటుంది, సంతకాలు కూడా డెబియన్‌వే ఉంటాయి. అన్ని సర్వర్లలోనూ, పరీక్షించిన ఒకే వెర్షన్ ఉండితీరాలి అనేవాళ్లు మాత్రం ఆప్ట్‌లీ తీసుకోండి.