పాత కర్ర కంచె కుళ్ళితే ఏది మేలు: తారా, రాతి కాలా, పూర్తిగా కడీలా (రాతి స్తంభాలా)?

వరంగల్, ములుగు వైపు పాత ఇళ్ళ పెరళ్ళలోనూ ఊరి శివారు తోటల్లోనూ టేకు, నల్లమద్ది గుంజల కంచెలు ఇప్పటికీ అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. వాటిలో ఒక గుంజ ఒరిగిందంటే, అది చాలావరకు నేలమట్టం దగ్గరే కుళ్ళి ఉంటుంది. కర్రను తినే శిలీంధ్రానికి తేమ, గాలి రెండూ కావాలి. పైభాగం ఎండకు ఆరిపోతుంది, లోతు మట్టిలో గాలి ఆడదు, ఆ రెండూ కలిసి దొరికేది నేలకు కాస్త పైన, జానెడు కింద మాత్రమే.

అందువల్ల ముందుగా గుంజ చుట్టూ జానెడు లోతు మట్టి తీసి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. గట్టి కర్రలో మొన దిగదు, పెళ్ళగిస్తే పొడవాటి పీచు లేస్తుంది. కుళ్ళిన కర్ర పీచు లేకుండా అడ్డంగా తెగుతుంది, లోపల గోధుమరంగులో చిన్న చిన్న పలకలుగా బీటలు వారి ఉంటుంది. టేకులో పైనుండే తెల్లచెక్క పుచ్చిపోయినా నడిమి చేవ గట్టిగా మిగిలి ఉండవచ్చు కాబట్టి, పైచూపుకే గుంజను పారేయడం తొందరపాటు.

చేవ గట్టిగా ఉంటే తారు చాలు. అయితే తారు కుళ్ళు రాకుండా అడ్డుకుంటుందే గాని, లోపల పట్టిన కుళ్ళును చంపదు. తడి కర్రకు పూస్తే ఆ తడిని లోపలే బంధించి మరింత చెరుపు చేస్తుంది. పుచ్చు గీకేసి, ఏప్రిల్, మే ఎండల్లో బాగా ఆరనిచ్చి, మృగశిర కార్తె రాకముందే పూయాలి. పాత ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటును మాత్రం నేను సమర్థించలేను, ఎందుకంటే అది కర్రలోకి లోతుగా ఇంకదు, వానకు కొట్టుకుపోయి కూరమడులను, బావి నీటిని పాడుచేస్తుంది. కుళ్ళు పట్టకుండా కర్రకు పట్టించే బోరాక్స్ (వెలిగారం) కూడా నీటిలో కరిగిపోయేదే కనుక పైనున్న అడ్డకర్రలకు పనికొస్తుంది గాని నేలలోని భాగానికి కాదు.

అడుగు కుళ్ళి పైభాగం బాగున్న గుంజకు రాతి కాలు పెట్టడమే అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. కుళ్ళిన చోటికి జానెడు పైన, గట్టి కర్రలో కోసి, పొట్టి గ్రానైట్ కడీని రెండడుగుల లోతున పాతి, గుంజను దాని పక్కన నిలిపి రెండు జింకు పూత బోల్టులతో బిగించాలి. రంధ్రం రాయి అంచుకు దగ్గరగా వేస్తే కడీ పగులుతుంది. ఆ భయం ఉంటే ఇనుప పట్టీలతో కట్టించవచ్చు. కర్ర అడుగు నేలను తాకకుండా కనీసం రెండు అంగుళాల ఎత్తున ఉండాలి, కోసిన ముఖానికి తారు పట్టించాలి, ఎందుకంటే కర్ర నీటిని ఎక్కువగా పీల్చేది అక్కడే. కర్రనే సిమెంటులో పాతిస్తే సరిపోతుందని కొందరు అంటారు గాని, కర్ర ఎండి కుదించుకున్నాక ఏర్పడే సందులో వాననీరు చేరి నిలిచిపోతుంది.

సుబాబుల్, మామిడి వంటి చేవలేని కర్రతో కట్టిన కంచెకు ఇంత శ్రమ అక్కరలేదు. మొత్తం తీసి కడీలు, ముళ్ళతీగ వేయించుకోవడమే లాభం. గేటు బరువు మోసే గుంజ, మూలగుంజ ఏ కర్రవైనా సరే, అడుగు కుళ్ళితే వాటి స్థానంలో నిండు కడీనే పాతాలి, అతుకు మీద ఆ లాగుడు ఎక్కువ కాలం ఆగదు.