ఈజిప్టు దేవతల బొమ్మల సెట్టు: ఎద్దు దగ్గరే తేడా కొట్టింది

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఆరు రెజిన్ బొమ్మలు, జానెడు ఎత్తు, 1,299 రూపాయలు. మహబూబ్‌నగర్‌కు చెప్పిన రోజుకే వచ్చింది. హోరస్ డేగ ముక్కు విరిగొస్తే ఫెవిక్విక్ పెట్టేశాం.

నేను దేవరకద్ర వైపు ఊళ్లలో గోపాలమిత్రను, అంటే పశువులకు సూదితో చూలు కట్టించే పని. పొద్దున లేస్తే పశువులతోనే పని కాబట్టి ముందు ఎద్దునే చేతిలోకి తీసుకున్నాను. అది ఆపిస్, ఈజిప్టు వాళ్లు దేవుడిగా కొలిచిన ఎద్దు. దానికి మూపురం పెట్టారు! ఒంగోలు గిత్త ఫొటో చూసి చేశారేమో. ఈజిప్టు కంచు విగ్రహాల్లో ఆపిస్ వీపు సాఫుగా ఉంటుంది. కొమ్ముల మధ్య సూర్యబింబం, దాని ముందు నాగుపాము సరిగ్గానే ఉన్నాయి. కానీ ఒళ్లంతా గోధుమ రంగు, నుదుట మచ్చే లేదు.

ఆ మచ్చ లేకపోతే అది ఆపిసే కాదు. ఏ కాలంలోనైనా ఆపిస్ ఒక్కటే ఉండేది. అది చచ్చిపోతే పూజారులు కొత్తదాని కోసం వెతుక్కుంటూ పోయేవారు. పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన గుర్తులు ఇవి: నల్లటి ఒళ్లు, నుదుట తెల్ల మచ్చ, వీపు మీద గద్ద ఆకారం, తోకలో జంట వెంట్రుకలు, నాలుక కింద పేడపురుగు ఆకారం. మా సంతలో రైతులు కోడెను కొనేముందు సుడులు చూసినట్టే. దొరికినదాన్ని మెంఫిస్ నగరంలో ప్తాహ్ దేవుడి రూపంగా చూసుకునేవారు, కన్న ఆవుకూ మర్యాదలే. చచ్చాక మమ్మీ చేసి, దగ్గర్లోని సక్కారా శ్మశానం సొరంగాల్లో పెట్టేవారు. 1851లో ఫ్రెంచి పరిశోధకుడు మరియెట్ అందులోకి దిగితే కనిపించిన రాతి పెట్టెలు ఒక్కోటి పదుల టన్నుల బరువు.

సెట్టుతో వచ్చిన చిన్న పుస్తకం మాత్రం ‘ఈజిప్షియన్లు జంతువులను పూజించేవారు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కానీ అన్నిటికీ పూజలు లేవు. ఆపిస్ కాని మిగతా ఎడ్లు నాగలి లాగాయి, గుళ్లలో బలి కూడా అయ్యాయి. పిల్లుల సంగతి ఇంకా ఘోరం. పిల్లి రూపపు బస్తెత్ దేవతకు మొక్కు చెల్లించడానికి జనం పిల్లి మమ్మీలు కొనేవారు. వాటికోసమే పెంచి, మెడ విరిచి చంపినవీ ఉన్నాయి. మాంచెస్టర్ పరిశోధకులు 800కు పైగా జంతు మమ్మీలను స్కాన్ చేస్తే సుమారు మూడో వంతులో ఎముక ముక్కే లేదు. కల్తీ అనేయొచ్చు గానీ, జంతువుకు తగిలిన ఈక, గూటి పుల్ల, మట్టి కూడా పవిత్రమేనని చుట్టి ఉంటారని వాళ్ల అభిప్రాయం. మా అమ్మాయి ప్రాజెక్టులో ఎక్కువ మార్కులు దీనికే పడ్డాయి.

పక్షి తల దేవుడు థోత్ మంచిగుంది, ఆ పక్షి మన చెరువుల దగ్గర తిరిగే వంకరముక్కు తెల్ల కొంగకు దగ్గరి చుట్టం. అనుబిస్ నక్క తలకు నలుపు వేశారు, అదే కరెక్టు. నైలు ఒండ్రుమట్టిదీ ఆ రంగే, వాళ్లకది మళ్లీ పుట్టుక రంగు. సోబెక్ మొసలి పళ్లు గుచ్చుకుంటాయి, చిన్నపిల్లలుంటే జాగ్రత్త.

ఐదుకు మూడు స్టార్లు. వెయ్యిలోపు వస్తే తీసుకోండి. నల్ల రంగు, సన్న కుంచె విడిగా కొనుక్కోవాలి. మూపురానికి సాండ్‌పేపర్ కూడా.