ఇంట్లో ప్యాటర్న్‌లకి ఏది మేలు: క్రికట్టా, రేడియం కట్టరా, ఇంక్ ప్లాటరా?

ఇంట్లో జాకెట్లు, కుర్తీలు కుట్టుకునేవాళ్ళు ఈ మధ్య నన్ను అడిగేదంతా ఒకటే. ప్యాటర్న్ (గుడ్డ కోయడానికి కాగితం నమూనా) ప్రింటు తీసిన ఏ4 కాగితాలు అతికించలేక విసుగొస్తోంది, ఏ మిషన్ కొనమంటారు అని. విసుగు సంగతి అలా ఉంచండి, అసలు నష్టం కొలతలో ఉంది. ముందు భాగం అడ్డంగా రెండు అతుకులు పడి, ఒక్కోచోట ఒక్క మిల్లీమీటరు జరిగితే ప్యాటర్న్‌లో తేడా 2 మిల్లీమీటర్లే. కానీ అది ఛాతీలో నాలుగో వంతు కదా, జాకెట్టు మొత్తానికి 8 మిల్లీమీటర్లు అవుతుంది. బిగుతుగా వేసుకునే జాకెట్టులో అది తెలిసిపోతుంది.

మిషన్ పేర్లలోకి వెళ్ళేముందు ఒకటి తేల్చుకోండి. మీకు బట్ట కత్తిరించే మిషన్ కావాలా, ప్యాటర్న్ గీసిచ్చే మిషన్ కావాలా? కంప్యూటర్‌లో గీసినట్టు కోసిచ్చే చిన్న మిషన్ క్రికట్ మేకర్ వీడియోల్లో చక్రంలాంటి రోటరీ బ్లేడు కాటన్ గుడ్డని వెనక అంటింపు ఏమీ లేకుండా నున్నగా కోసేస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నిజంగానే బాగా కోస్తుంది. క్విల్ట్ ముక్కలకి, ఆప్లిక్ (గుడ్డ మీద గుడ్డ కుట్టే) పూలకి, పసిపిల్లల బట్టలకి దానికి వంక పెట్టలేం. మన పని వేరు. చీరతో వచ్చే జాకెట్టు ముక్క చేతిలోకి తీసుకుంటే మొదట చూసేది బార్డరు. చేతుల అంచుకి అది సరిగ్గా రావాలి, రెండు చేతులకీ బుటాలు ఒకే ఎత్తులో పడాలి, మిగిలిన గుడ్డలో వెనక భాగం ఇమడాలి. ఈ సర్దుబాటంతా కంటితో చూస్తూ, ప్యాటర్న్‌ని గుడ్డ మీద అటూ ఇటూ జరుపుతూ చేసేది. మిషన్‌కి బార్డరు ఎక్కడుందో తెలీదు. పైగా మనం గుడ్డని మడతేసి రెండు పొరలు కలిపి కోస్తాం, అది ఒక్క పొరే కోస్తుంది. అందుకే బట్ట కోసే పని కత్తెరకే వదిలేసి, మిషన్‌తో ప్యాటర్న్ గీయించుకోవడమే మనకి లాభం అంటాను.

అలా అనుకున్నాక అన్నిటికన్నా ముఖ్యం వెడల్పు. క్రికట్ మ్యాట్ (కోసేదాన్ని అంటించే జిగురు పలక) వెడల్పు 12 అంగుళాలు, పొడవు 24. అందులో కోతకి దొరికేది సుమారు 11.5 వెడల్పు, 23.5 పొడవు. 36 ఛాతీకి నాలుగో వంతు 9, కుట్టుకి మార్జిన్ 2 కలిపితే 11. అంచుల దాకా వచ్చినా ఇముడుతుంది. 40 ఛాతీకి 12 అవుతుంది, ఇక పట్టదు. 42 అంగుళాల పొడవు కుర్తీ అయితే ముక్కలు చేసి మళ్ళీ అతికించాల్సిందే. ఆ అతుకులు తప్పించుకోవడానికే కదా మిషన్ కొనేది! కొత్త క్రికట్ మోడళ్ళు మ్యాట్ అక్కర్లేని స్టిక్కర్ షీటు స్మార్ట్ వినైల్‌ని 12 అడుగుల దాకా కోస్తాయని చెప్తారు, అది ఆ కంపెనీ రోల్స్‌కే. మామూలు కాగితానికి మ్యాట్ ఉండాల్సిందే.

క్రికట్ లాంటిదే ఇంకో మిషన్, సిల్హౌట్ కేమియో మామూలు మోడల్ వెడల్పూ అంతే. నెట్ లేకుండా పనిచేయడం దానికి ప్లస్. ప్యాటర్న్ గీతలు దాచే ఫైళ్ళలో డీఎక్స్ఎఫ్ రకం దాని సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో తెరుచుకుంటుంది, ఎస్‌వీజీ రకం కావాలంటే డబ్బు కట్టాలి. బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్‌లో స్కానర్ ఉంది కాబట్టి చేత్తో గీసిన ప్యాటర్న్‌ని లోపలికి తీసుకుంటుంది. వెడల్పు దగ్గర అదీ ఆగిపోతుంది.

నా ఓటు వీటిలో దేనికీ కాదు, బండ్ల మీద స్టిక్కర్లు వేసే షాపుల్లో కనిపించే రేడియం కటింగ్ మిషన్‌కి. 24 అంగుళాల రకంలో బ్లేడు తీసి పెన్ను పెడితే అదే ప్లాటర్, అంటే పెద్ద కాగితం మీద గీతలు గీసే మిషన్. బ్రౌన్ పేపర్ రోల్ ఎక్కిస్తే కుర్తీ నిలువునా అతుకు లేకుండా వస్తుంది, లంగా కలీ కూడా. క్రికట్ మేకర్ కంటే సాధారణంగా తక్కువకే దొరుకుతుంది. చెడిపోతే ఊళ్ళో స్టిక్కర్ షాపువాళ్ళని అడిగితే బాగుచేసేవాళ్ళ నంబరు దొరుకుతుంది. ఇంట్లో వాడుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

దీనికి ఓపిక కావాలి, అది ముందే తెలుసుకోండి. ప్యాటర్న్‌ని ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మిషన్‌కి అర్థమయ్యే హెచ్‌పీజీఎల్ రూపంలో పంపాలి. బ్లేడ్ ఆఫ్‌సెట్ (బ్లేడు మొన నడిమధ్య నుంచి పక్కకి ఉండే దూరం) మామూలుగా 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పెన్ను పెట్టినప్పుడు దాన్ని సున్నా చేయాలి, లేకపోతే డాట్ మొనలు, మెడ మూలలు చిన్న తోక పట్టుకుని వస్తాయి. ప్రెషర్ బాగా తగ్గించాలి, లేదంటే పెన్ను కాగితాన్ని చీల్చేస్తుంది. అక్షరాలు బోలుగా, రెండేసి గీతలతో వస్తాయి. ఇంగ్లీషుకి ఇంక్‌స్కేప్‌లోని హెర్షీ టెక్స్ట్ ఒంటిగీత అక్షరాలు ఇస్తుంది. తెలుగులో ‘వెనక భాగం’, ‘షేప్ పట్టీ’ అని రాసుకుంటే బోలుగానే వస్తాయి గానీ చదవడానికి ఇబ్బందేమీ లేదు. రోల్ ఏమాత్రం వంకరగా ఎక్కినా పొడవు పెరిగేకొద్దీ కాగితం పక్కకి జరుగుతుంది, కాబట్టి రోలర్లు రెండూ బిగించేముందు అంచు సరిచూసుకోవాలి.

హెచ్‌పీ డిజైన్‌జెట్ టీ230, టీ250 లాంటి ఇంక్ ప్లాటర్లు పనిలో వీటన్నిటికన్నా శుభ్రం. సైజుకో రంగు గీతతో, మాట్లాడినంత సేపట్లో ప్రింటు చేతికొస్తుంది. అవి 24 అంగుళాలవి, ప్యాటర్న్ మొత్తం ఒకే పెద్ద ఏ0 షీటులో ఉంటే దాని వెడల్పు 841 మిల్లీమీటర్లు కాబట్టి దానికి 36 అంగుళాలది కావాలి. ఖరీదు బాగా ఎక్కువ, వాడకుండా వదిలేస్తే ఇంక్ ఎండుతుందని టెన్షన్ వేరే. బొటిక్ నడుపుతూ రోజూ ప్యాటర్న్‌లు తీసేవాళ్ళయితే నిరభ్యంతరంగా కొనండి. ప్రొజెక్టరుతో నేరుగా గుడ్డ మీద చూపించుకునే పద్ధతి కూడా ఉంది, మన ఇళ్ళలో గది మధ్య సీలింగ్ ఫ్యాన్ అడ్డొస్తుంది.

నెలకి రెండు మూడు ప్యాటర్న్‌లు మించనివాళ్ళు ఏదీ కొనొద్దు. ఇంజనీర్ల ప్లాన్లు తీసే జిరాక్స్ షాపులో పీడీఎఫ్ ఇచ్చి, ‘ఫిట్ టు పేజ్ వద్దండీ, 100 శాతం సైజులోనే తీయండి’ అని గట్టిగా చెప్పండి. కౌంటర్ దగ్గరే టెస్ట్ చదరాన్ని (సైజు సరిచూడ్డానికి ప్యాటర్న్ మీద కొలత రాసి ఉండే చదరం) టేపుతో కొలిచి డబ్బులివ్వండి.

రేడియం కట్టర్ కొనడానికి వెళ్తే షాపువాళ్ళు స్టిక్కర్ మీద పువ్వు కోసి చూపిస్తారు. అది చాలదు. మీ కాగితం, మీ పెన్ను తీసుకెళ్ళి 40 అంగుళాల పొడవున రెండు సమాంతర గీతలు గీయించండి. మొదట్లో, చివర్లో వాటి మధ్య దూరం, కాగితం అంచు నుంచి వాటి దూరం కొలవండి. పొడవు 40కి సరిపోయి, చివర్లో కూడా అంచు దూరం మారకపోతేనే ఆ మిషన్ తీసుకోండి.